నాజర్ సాబ్‌ని మా ఇంట్లో ఎందుకు వినలేదు

చలి మొదలయ్యే ముందు మా గల్లీలోకి దూదేకే మనిషి వచ్చేవాడు. భుజాన దాదాపు మనిషంత విల్లు, చేతిలో కొయ్య గూటం. మనిషి కనబడకముందే ఆ విల్లు మోత వినబడేది. మా దాదీ పాత రజాయి కుట్లు విప్పి, గట్టిపడిపోయిన దూదిని అరుగు మీద కుప్పగా పోసేది. ఆయన విల్లు తీగని ఆ కుప్పలో పెట్టి గూటంతో కొడుతుంటే దూది పొగలా లేచేది. నేను మెట్ల మీద కూర్చుని ఆ మోత వినేవాణ్ణి. ఒకటే తీగ, ఒకటే దరువు. మధ్యాహ్నానికి ఆయన కనుబొమ్మలూ గడ్డమూ తెల్లగా అయిపోయేవి.

వస్తూనే సలాం అనేవాడు. దాదీ వాలేకుం సలాం అనేది. ఆ తర్వాత మాటంతా తెలుగులోకి మార్చేసేది. మాకు ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. ఆయన మా అరుగు మీద కూర్చున్నా బజారు మనిషేనని దాని అర్థం. ఆయన వెళ్ళాక నాతో అనేది: "నామ్ కే ముసల్మాన్ హైఁ బేటా. దూదేకులోళ్ళు. జుబాన్ నై, తహజీబ్ నై." పేరుకే ముసల్మానులట, భాష రాదట, మర్యాద తెలియదట. నిజానికి ఆయన దాదీని "అమ్మా" అనకుండా ఒక్క మాట కూడా మాట్లాడేవాడు కాదు.

తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అని తెలుగులో సామెత ఉంది. దాన్ని పుట్టించినవాళ్ళు హిందువులేమో గానీ, మా ఖాందాన్‌లో అందరికంటే ఇష్టంగా వాడింది మా దాదీయే.

నేను చదివింది ఉర్దూ మీడియం. ఆరో తరగతిలో ఒక పిల్లవాడు కొత్తగా చేరాడు. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడు. కొడుక్కైనా ఉర్దూ రావాలని పట్టుబట్టి మా స్కూల్లో వేశాడు. వాడికి 'ఖాఫ్' పలకదు. ఖలమ్ అనమంటే 'కలం' అనేవాడు. క్లాసు మొత్తం నవ్వేది. ఒకరోజు ఆటలో ఏదో గొడవొచ్చి నేను వాణ్ణి "పింజారీ" అన్నాను. తెలుగువాళ్ళు కోపంలో నోటికొచ్చినట్టు వాడే తిట్టే అది. కానీ వాడికి అది తిట్టు కాదు, ఇంటి పేరులాంటిది. వాడు నన్ను కొట్టలేదు, మాస్టరుకి చెప్పలేదు. అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత తెలుగు మీడియంకి వెళ్ళిపోయాడు.

అదే స్కూల్లో మాకు మన్సూర్ హల్లాజ్ కథ చెప్పారు. 922లో బాగ్దాద్‌లో ఉరికంబమెక్కిన సూఫీ. అనల్ హఖ్ అన్నందుకు ప్రాణం పోగొట్టుకున్నాడని చెబుతూ మాస్టరు గొంతు వణికేది. హల్లాజ్ అంటే అరబీలో దూదేకేవాడు అని మాత్రం ఆయన చెప్పలేదు. చెప్పుంటే ఆ రోజు నేనేం చేసేవాణ్ణో తెలియదు. ఉత్తరాదిన దూదేకులవాళ్ళు మన్సూరీలమని చెప్పుకుంటారు. మన దగ్గర లద్దాఫ్ అనే పేరు 'నద్దాఫ్' నుంచి వచ్చింది. దానికీ అర్థం అదే. ఇంత ఘనమైన ఉర్దూ చదువులో ఈ రెండు మాటల మీదుగా నడిచిపోయాం, కిందికి చూడలేదు.

నాజర్ పేరు నేను మొదటిసారి విన్నది అబ్బాజాన్ నోట. అబ్బా మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. సీజన్లో రాత్రి పొద్దుపోయాక వచ్చేవాడు, చొక్కా నిండా మిరప ఘాటు. ఇంట్లో అందరం తుమ్మేవాళ్ళం. అమ్మీ ఆ బట్టల్ని దొడ్లోనే విప్పించేది. టిక్కీల లెక్కలు కుదిరి మనసు బాగున్న రాత్రుల్లో తన కుర్రతనం కబుర్లు చెప్పేవాడు. వాటిలో ఒకటి, సత్తెనపల్లి వైపు ఒక ఊళ్ళో నాజర్ దళం చెప్పిన 'పల్నాటి యుద్ధం'. స్నేహితులతో సైకిళ్ళ మీద వెళ్ళాడట. ఆ రాత్రికి దాదీకి ఏం చెప్పి వెళ్ళాడో మాత్రం ఎప్పుడడిగినా చెప్పేవాడు కాదు.

ఇప్పటి పిల్లలు బ్యాండ్ అంటారు. అప్పట్లో దళం. ముగ్గురే మనుషులు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, కుడిచేతి వేళ్ళకి అందెలు. ఆ తంబురా బుర్రని బట్టే దానికి బుర్రకథ అని పేరు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, డక్కీలతో. వాళ్ళలో ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. కాళ్ళకి గజ్జెలు, నెత్తిన పాగా, ఒంటి మీద అంగరఖా. (మా దాదీ జుబాన్ నై అన్నవాళ్ళ ఒంటి మీద ఉర్దూ మాట ఎలా వేలాడుతోందో చూడండి.) కథ నడుపుతూ కథకుడు ముందుకి వస్తాడు, వెనక్కి వెళ్తాడు. వంతలు 'తందానా' అని అందుకుంటారు. కథ ఏడుపు దగ్గరికి చేరగానే హాస్యం వాడు ఏదో అడ్డం తగులుతాడు. జనం నవ్వి ఊపిరి తీసుకుంటారు. వెంటనే రాజకీయం వాడు, ఇప్పుడు మన ఊళ్ళో జరుగుతున్నదేమిటి మరి అంటాడు. వందల ఏళ్ళనాటి పల్నాడు కథ అలా నిన్నటి కరణం దగ్గరికీ, మొన్నటి వడ్డీ వ్యాపారి దగ్గరికీ వచ్చేస్తుంది.

అబ్బా మాటల్లో చెప్పాలంటే, నాజర్ వేదిక మీదికి వచ్చినప్పుడు మామూలు మనిషే. నోరు తెరిచాక మాత్రం ఎవరెవరో అయిపోయేవాడట. బ్రహ్మనాయుడు ఆయనే, నాగమ్మ ఆయనే. బాలచంద్రుడు యుద్ధానికి పోతూ మాంచాల దగ్గర సెలవు తీసుకునే చోట ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారట. "నేనూ ఏడ్చారా" అనేవాడు అబ్బా. మా అబ్బా ఏడవడం నేను ఒక్కసారే చూశాను, దాదీ జనాజా నాడు. అందుకే ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

"ఆయన మనవాడేనా అబ్బా?" అని అడిగాను ఒకసారి.

అబ్బా కొంచెం ఆలోచించి, "దూదేకులాయన" అన్నాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఉర్దూ మీడియం పిల్లవాడికి ఇదేం పిచ్చి అన్నారు అందరూ. జానపద కళల పాఠంలో మా లెక్చరరు నాజర్ గురించి గంటసేపు చెప్పాడు. షేక్ నాజర్, 1920లో పొన్నెకల్లులో పుట్టాడు. పొన్నెకల్లు ఎక్కడో లేదు, గుంటూరు పక్కనే, తాడికొండ మండలం. పేద దూదేకుల ఇల్లు. చిన్నప్పుడే నాటకాల్లో ఆడవేషాలు వేశాడు, హార్మోనియం పట్టాడు, కర్ణాటక సంగీతం నేర్చాడు. తర్వాత కమ్యూనిస్టుల్లోకి వెళ్ళాడు. 1943లో బెంగాల్‌లో జనం ఆకలితో రాలిపోతుంటే ఆ కరువుని బుర్రకథ చేసి ఊరూరా చెప్పాడు. ఇటు కృష్ణా గుంటూరు పల్లెల్లో మనిషి కలకత్తా ముఖం చూసి ఎరగడు. అలాంటివాడు ఆ కథ విని ఏడ్చి, చందా వేశాడు. అల్లూరి సీతారామరాజు, బొబ్బిలి యుద్ధం, ప్రజానాట్యమండలి రోజులు. జంగం కథగా ఉన్నదాన్ని రాజకీయ సభల మైకు ముందు నిలబెట్టారు. అది ఎంత పనిచేసిందో తెలియాలంటే ఒక్కటి చాలు: మద్రాసులో బ్రిటిష్ సర్కారూ, హైదరాబాదులో నిజాం సర్కారూ, ఇద్దరూ బుర్రకథని నిషేధించారు. మిగతా విషయాల్లో ఆ రెండు సర్కార్లకీ ఏమాత్రం పొత్తుండేదో గానీ, మూడు వాయిద్యాల భయం మాత్రం ఉమ్మడి. స్వాతంత్ర్యం వచ్చాక అదే సర్కారు కుటుంబ నియంత్రణ చెప్పడానికి బుర్రకథ దళాల్నే పిలిచింది, అది వేరే తమాషా.

గరికపాటి రాజారావు 1953లో తీసిన 'పుట్టిల్లు' సినిమాలోనూ నాజర్ బుర్రకథ ఉంది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997 ఫిబ్రవరిలో పోయాడు. ఆయన చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తి రాసిన జీవితకథ పేరు 'పింజారి'.

ఆ పేరు విన్నప్పుడు క్లాసులో నేను తల దించుకున్నాను. నేను ఆరో తరగతిలో ఒక పిల్లవాడి మీదికి విసిరిన మాటని ఈ పెద్దాయన తన పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో పెట్టుకున్నాడు.

పదిహేను కిలోమీటర్ల దూరంలో పుట్టిన మనిషి. గాలిబ్ పుట్టిన ఊరేదో, ఇక్బాల్ ఎక్కడ చదివాడో మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. పొన్నెకల్లు మాత్రం బస్సు బోర్డు మీద చూసిన పేరంతే. ఇంకో మాట. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, సంగీత కళానిధి అందుకున్న షేక్ చినమౌలానా నాదస్వరం సంగతీ మాకు కాలేజీకి వెళ్ళేదాకా తెలియదు. చిలకలూరిపేట చుట్టుపక్కల నాదస్వరం కుటుంబాల్లో దూదేకులవాళ్ళు ఎంతమందో. పత్తీ మిరపా పండే ఈ నేల మీద ఇంత సంగీతం వాళ్ళ ఇళ్ళలోంచి వచ్చింది. మేం ఖవ్వాలీ క్యాసెట్లు హైదరాబాదు నుంచి తెప్పించుకునేవాళ్ళం.

ఇక అసలు చెప్పాల్సింది, ఇన్నాళ్ళూ రాయకుండా దాటేసింది.

2005లో నేనొక పత్రికలో జిల్లా విలేకరిని. ఫిబ్రవరిలో నాజర్ వర్ధంతికి వ్యాసం రాశాను. బాగా వచ్చిందని డెస్కులో కూడా అన్నారు. పల్నాటి యుద్ధంలో బ్రహ్మనాయుడి చాపకూడు గురించి ఒక పేరా రాశాను. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించిన కథని ఒక దూదేకుల కళాకారుడు ఊరూరా చెప్పడమే ఎంత పెద్ద సంగతి అని. మన దస్తర్‌ఖాన్ కూడా అదే కదా అని ఒక వాక్యం కలిపాను. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది.

అదే నెలలో మా ఫుప్పూ కూతురికి రిష్తా వచ్చింది. ఆపా నాకంటే రెండేళ్ళు పెద్ద. అబ్బాయి ఒంగోలు దగ్గర గవర్నమెంటు స్కూలు టీచరు. మంచి మనిషి, కట్నం వద్దన్నాడు. ఆపా కూడా చూసి ఒప్పుకుంది. పెద్దలు విచారిస్తే దూదేకులని తేలింది. మా ఇంట్లో హాల్లో కూర్చున్నారు అందరూ. ఫుప్పా, ఇద్దరు చాచాలు, అబ్బా. దాదీ మంచం మీద నుంచే, "హమారే మే నై హోతా" అంది. మనలో ఇలా జరగదని. ఒక చాచా, "పిల్లలకి ఏ జుబాన్ నేర్పుతారు?" అన్నాడు. అబ్బా ఏమీ అనలేదు. నేనూ అక్కడే ఉన్నాను, టీ కప్పు పట్టుకుని. చదువుకున్నవాడివి, పేపరువాడివి, నువ్వేమంటావు అని ఫుప్పా నన్నే అడిగాడు.

"పెద్దలు మీరు ఆలోచించండి" అన్నాను.

సాయంత్రం ఆపా వంటింట్లోకి పిలిచింది. చేతిలో పేపరు మడత. "ఈ చాపకూడు నువ్వే రాశావా?" అని అడిగింది. అవునన్నాను. "బాగుంది" అంది. పేపరు మళ్ళీ మడిచి పిండి డబ్బా మీద పెట్టింది. ఆ తర్వాత ఏడాది ఆపాకి విజయవాడ సంబంధం అయింది. దూల్హా ఉర్దూ ఘరానా. దుఃఖపెట్టిన మనిషేం కాదు, అలాగని కథ చెప్పడం నాకిష్టం లేదు.

రెండేళ్ళకి సర్కారు ముస్లింలలో కొన్ని వర్గాలకి బీసీ-ఇ ఇచ్చింది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష అప్పటికే బీసీ-బిలో ఉన్నారు. మా షేక్ ఖాందాన్ కూడా కులం సర్టిఫికెట్ కోసం ఆఫీసు ముందు లైన్లో నిలబడింది. హాల్లో జుబాన్ గురించి మాట్లాడిన చాచా అందరికంటే ముందున్నాడు. ఆ ఫారంలో మేం నింపిన భాష తెలుగే.

మొన్న రంజాన్ తర్వాత ఆపా గుంటూరు వచ్చింది. అబ్బాకి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. టీవీ పెట్టనివ్వడు, ఫోన్లో ఏదన్నా వినిపించమంటాడు. ఖురాన్ తిలావత్ అయ్యాక యూట్యూబులో నాజర్ పాత రికార్డింగు పెట్టాను, పల్నాటి యుద్ధమే. మొదట గరగరమని మోత. తర్వాత తంబురా. ఒకటే శ్రుతి. నాకు మా గల్లీలో దూదేకే విల్లు గుర్తొచ్చింది. అబ్బా దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. బీరువా తాళాల గుత్తి చేతిలో ఉంది. దాన్ని బొటనవేలికి తగిలించుకుని అందెలు కొడుతున్నట్టు మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టాడు. దరువు ఒక్కచోట కూడా తప్పలేదు.

ఆపా గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపలికొచ్చి మంచం పక్కన కింద కూర్చుంది.

"మామూ, ఆ రాత్రి నానీకి ఏం చెప్పి వెళ్ళారు?" అని అడిగింది.

అబ్బా తాళాలు ఆపాడు. చాలాసేపు ఏమీ అనలేదు. "ఉర్సుకని చెప్పానమ్మా" అన్నాడు. "ఖవ్వాలీ ఉందని." తర్వాత చేత్తో వెతుక్కుంటూ ఆపా తల మీద చెయ్యి పెట్టి, "ఆ రోజు హాల్లో కూడా..." అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యలేదు.

ఆపా ఆయన చెయ్యి తియ్యలేదు. నా ఫోన్ అందుకుని, కథని వెనక్కి జరిపి, మళ్ళీ మొదట్నించి పెట్టింది.