ఒంటె దిగి పడవ ఎక్కే ఊరు

పిల్లలూ! ఆఫ్రికా పటం తీసి ముందు పెట్టుకోండి. పైభాగాన పడమటి సముద్రం నుంచి ఎర్ర సముద్రం దాకా పరుచుకొని ఉన్నదే సహారా ఎడారి. దాని వైశాల్యం సుమారు 90 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశమంతటివి రెండు అందులో పరిచినా ఇంకా చోటు మిగులుతుంది.

ఈ పటం చూసినప్పుడు మీకొక సందేహం రావచ్చు. "ఇంత పెద్ద ఎడారి గోడలాగా అడ్డం ఉంటే, దానికి ఉత్తరాన ఉన్నవారికీ దక్షిణాన ఉన్నవారికీ రాకపోకలు ఎలా ఉంటాయి?" అని. మీరే కాదు, పెద్ద పెద్ద గ్రంథాలు రాసినవారు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. ఆఫ్రికాను రెండు ముక్కలు చేసి, ఎడారికి దక్షిణాన చదువూ లేదు, చరిత్రా లేదు అని రాసేశారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే మనం ఒక ఊరు చూసి రావాలి. ఆ ఊరి పేరు టింబక్టు.

ముందు నైజర్ నదిని వెతకండి. అది గినీ దేశపు కొండలలో పుడుతుంది. సముద్రం అక్కడికి దగ్గరే అయినా అటు పోదు. ఈశాన్యంగా ఎడారి వైపు పరుగెత్తి, అక్కడ పెద్ద వంపు తిరిగి, దక్షిణంగా దిగివచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ వంపు దగ్గర, మాలీ దేశంలో, నదికి కొద్ది దూరాన ఉన్నది టింబక్టు. సుమారు 900 సంవత్సరాల క్రితం టువారెగ్ అనే ఎడారి జాతివారు అక్కడ ఒక బావి దగ్గర గుడారాలు వేసుకునేవారట. తాము మందలతో తిరగబోయేటప్పుడు సామానును బుక్టు అనే ముసలమ్మకు అప్పగించి పోయేవారట. ఆమె పేరే ఊరికి వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు.

ఉత్తరం నుంచి వచ్చిన ఒంటెల బిడారు ఇక్కడ ఆగుతుంది. దక్షిణం నుంచి వచ్చిన పడవలు ఏటి రేవులో ఆగుతాయి. ఒంటె మీది సరుకు పడవలోకి, పడవలోని సరుకు ఒంటె మీదికి మారుతుంది. అంతకంటె మంచి సంతచోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

మారిన సరుకులలో ముఖ్యమైనవి రెండు: ఉప్పు, బంగారం. దక్షిణాన బంగారం ఉన్నది కాని ఉప్పు కరువు. ఎడారి నడుమ ఉప్పు గనులు ఉన్నాయి కాని తినటానికి గింజ లేదు. అవసరమే ఇద్దరినీ కలిపింది.

ఈ దారిన నడిచిన యాత్రికుడు ఒకరు మీకు చరిత్ర పాఠాలలో తెలిసినవాడే. ఆయన ఇబన్ బటూటా. మొరాకోలో పుట్టి, ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో న్యాయాధికారిగా పనిచేసిన వాడు. 1352లో ఆయన మొరాకోలోని సిజిల్మాసా నుంచి బిడారుతో బయలుదేరాడు. 25 రోజులకు తఘాజా అనే ఊరు చేరాడు. అక్కడ ఇళ్ళ గోడలన్నీ ఉప్పు పలకలే! పైకప్పులు ఒంటె తోళ్ళు. చెట్టూ చేమా లేవు. ఆ గనులలో పనిచేసేవారికి ఖర్జూరాలు ఉత్తరం నుంచి రావాలి, ధాన్యం దక్షిణం నుంచి రావాలి. ఏ వైపు బిడారు ఆగినా ఆ ఊరికి పస్తే.

తఘాజాలో తవ్విన ఉప్పు దక్షిణానికి పోయేకొద్దీ ప్రియమయ్యేది. ఎడారి దాటగానే వచ్చే వలాటాలో ఒంటె బరువు ఉప్పు 8 నుంచి 10 మిస్కాళ్ళకు అమ్మేవారు. మిస్కాల్ అంటే సుమారు 4 గ్రాముల బంగారం. మాలీ రాజధానిలో అదే ఉప్పు 20, 30, ఒక్కొక్కప్పుడు 40 మిస్కాళ్ళు పలికేది.

ఇబన్ బటూటా తరువాత టింబక్టు చేరి, అక్కడ ఒకే మానును తొలిచి చేసిన దోనె ఎక్కి, నది మీద గావో పట్టణానికి పోయాడు. గావో బజారులో జనం దేనితో కొంటున్నారనుకున్నారు? గవ్వలతో! ఆ గవ్వలు మన దేశానికి నైరుతిగా ఉన్న మాల్దీవుల నుంచి వచ్చినవి. అంతకు కొన్నేళ్ళ ముందు ఆయన మాల్దీవులలో ఉన్నప్పుడు అక్కడ ఒక బంగారు దీనారుకు 4 లక్షల గవ్వలు వచ్చేవి. గావోలో దీనారుకు 1,150 మాత్రమే. భాగించి చూడండి. గవ్వ విలువ దాదాపు 348 రెట్లు పెరిగింది!

"చిల్లిగవ్వకు కొరగాడు" అని మనం అంటాము. పశ్చిమ ఆఫ్రికాలో మాత్రం చాలాచోట్ల గవ్వలకు చిల్లి పెట్టి, దండలు గుచ్చి లెక్కపెట్టేవారు. ఎడారికి ఎంతో దూరాన, సముద్రపు ఒడ్డున ఉన్న ఘనా దేశంలో డబ్బును ఈనాటికీ "సెడీ" అంటారు. అకాన్ భాషలో గవ్వకు ఉన్న పేరు నుంచే ఆ మాట వచ్చింది.

సరుకుల వెంట మనుషులు, మనుషుల వెంట విద్యలు నడుస్తాయి. 1324లో మాలీ చక్రవర్తి మాన్సా మూసా ఎడారి దాటి కైరో మీదుగా మక్కా యాత్ర చేశాడు. కైరోలో ఆయన పంచిపెట్టిన బంగారం వల్ల అక్కడ బంగారం ధర పడిపోయింది. 12 ఏళ్ళ తరువాత కూడా ఆ ధర కోలుకోలేదని అల్ ఉమరీ అనే పండితుడు రాశాడు. తిరిగి వస్తూ చక్రవర్తి స్పెయిన్‌లోని గ్రనడా పట్టణపు వాడైన అస్సాహిలీని వెంట తెచ్చి, టింబక్టులో పెద్ద మసీదు కట్టించాడని చెబుతారు. పనివాడు ఎక్కడివాడైనా, కట్టింది మాత్రం ఆ నేల మట్టితోనే. గోడలలో నుంచి దూలాల కొనలు బయటికి పొడుచుకొని ఉంటాయి. వాటి మీద నిలబడి, ఊరివారంతా కలిసి గోడలకు మళ్ళీ మళ్ళీ మట్టి మెత్తుతారు.

ఉత్తరం నుంచి అరబ్బీ లిపి వచ్చింది. దక్షిణాదివారు దానిని అలాగే ఉంచుకోలేదు. హౌసా, ఫులానీ వంటి తమ సొంత భాషలను ఆ అక్షరాలతో రాసుకున్నారు. ఆ రాతకు అజమీ అని పేరు. టింబక్టులో గణితం, ఖగోళం, వైద్యం, న్యాయం చెప్పే చేతిరాత పుస్తకాలు ఇంటింటా పోగయ్యాయి.

అన్నీ మంచివే ఆ దారిన నడవలేదు. బానిసలుగా పట్టుబడిన మనుషులను కూడా ఆ ఇసుకలోనే నడిపించారు. 1591లో మొరాకో సైన్యం తుపాకులతో ఎడారి దాటి వచ్చి ఈ ప్రాంతాన్ని జయించింది. టింబక్టు పండితుడు అహ్మద్ బాబాను బంధించి మర్రకేష్ నగరానికి తీసుకుపోయారు. తన 1,600 పుస్తకాలు పోయాయనీ, తన బంధువులందరిలో తనదే చిన్న గ్రంథాలయమనీ ఆయన చెప్పాడు. ఆలోచించండి, చిన్నదే అంత! అయితే బందీగా పోయినవాడు అక్కడ గురువైనాడు. ఆయన దగ్గర పాఠం వినటానికి మర్రకేష్ విద్యార్థులు చేరారు. 1608లో ఆయన స్వస్థలానికి తిరిగి వచ్చాడు. టింబక్టులో 1973లో నెలకొల్పిన గ్రంథ భాండాగారానికి ఆయన పేరే పెట్టారు.

ఆ పుస్తకాలకు మన కాలంలోనూ ఆపద వచ్చింది. 2012లో ఆయుధాలు పట్టిన ముఠాలు ఊరిని ఆక్రమించి, పాత సమాధి మందిరాలను పగులగొట్టాయి. అప్పుడు ఊరివారు ఏం చేశారు? వేలకొద్దీ పుస్తకాలను రేకు పెట్టెలలో సర్ది, రాత్రివేళ ఇళ్ళలో దాచి, బండ్ల మీదా, నైజర్ నదిలో పడవల మీదా రాజధాని బమాకోకు చేర్చారు. 2013 జనవరిలో ముఠాలు పారిపోతూ భాండాగారంలో మిగిలినవాటిని కొన్నింటిని తగలబెట్టాయి. తక్కినవి దక్కాయి. కూలిన మందిరాలను 2015 నాటికి ఆ ఊరి తాపీ పనివారే మళ్ళీ మట్టితో నిలబెట్టారు.

ఇప్పుడు పెన్సిలు తీసుకొని పటం మీద సిజిల్మాసా, తఘాజా, వలాటా, టింబక్టు, గావో ఉన్న చోట్లను గీతతో కలపండి. సిజిల్మాసా మొరాకోలో, వలాటా మారిటానియాలో, తక్కిన మూడూ మాలీలో ఉన్నాయి. ఆ దేశాల నడుమ కనిపించే సరిహద్దులు చాలావరకు 19వ శతాబ్దం చివరి నుంచి ఐరోపా పాలకులు గీసినవి. మీరు గీసిన గీత వాటికంటె ఎన్నో వందల ఏళ్ళు పెద్దది. అది కాగితం మీద గీసినది కాదు, ఒంటెల కాళ్ళు నడిచి నడిచి వేసినది.