మ్యాప్‌లో చుక్క మాయమైతే

మా తమ్ముడు మర్చంట్ నేవీలో చేస్తాడని చెబితే మొదట వచ్చే ప్రశ్న "గన్ ఇస్తారా?" రెండోది "జీతం ఎంత?" గన్ ఇవ్వరండీ. వాడు ఇంజిన్ రూమ్‌లో పనిచేస్తాడు. చేతిలో ఉండేది స్పానర్. ఓడలో ఉండేది ఒకసారి బొగ్గు, ఒకసారి గోధుమలు, ఒకసారి ఎరువులు. యూనిఫామ్ ఫొటో చూసి బంధువులు సెల్యూట్ ఎమోజీలు పెడతారు గానీ, వాడు సైనికుడు కాదు. సరుకు మోసే ఓడలో జీతానికి పనిచేసే మెకానిక్.

మా అమ్మ ఫోన్‌లో వాట్సాప్ తర్వాత ఎక్కువగా తెరిచే యాప్, ఏ ఓడ ఎక్కడుందో చూపించేది. మ్యాప్ నిండా రంగురంగుల గుర్తులు. అందులో ఒకటి మావాడి ఓడ. 2024లో ఆ ఓడ ఎర్ర సముద్రం వైపు వెళ్లినప్పుడు ఆ చుక్క రెండు రోజులు కనిపించలేదు. దాడుల భయం ఉన్నచోట కొన్ని ఓడలు తామెక్కడున్నాయో చెప్పే సిగ్నల్ ఆపేస్తాయి. ఆ సంగతి మాకు ముందే తెలుసు. తెలిసినా అమ్మ సరిగా అన్నం తినలేదు. ఆ ఏడాది మార్చిలోనే ఏడెన్ సింధుశాఖలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే సరుకు ఓడ మీద క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోయారు. వాళ్లదీ మావాడి లాంటి ఉద్యోగమే.

నిద్ర పట్టని ఆ రాత్రుల్లో ఫోన్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తూ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆర్కిటిక్ కాన్వాయ్‌ల దగ్గర ఆగిపోయాను. కాన్వాయ్ అంటే సరుకు ఓడలన్నీ గుంపుగా వెళ్తుంటే, చుట్టూ యుద్ధనౌకలు కాపలా కాస్తూ వెళ్లడం. అప్పటి నుంచి ఆ కథలు నన్ను వదల్లేదు.

1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. వాళ్లకి ట్యాంకులు, విమానాలు, లారీలు, తిండి, బూట్లు, మందులు అన్నీ కావాలి. బ్రిటన్, అమెరికా పంపడానికి సిద్ధమే. దారి ఏది? అన్నిటికన్నా దగ్గరి దారి ఉత్తరాన ఉంది. ఐస్‌లాండ్ నుంచో స్కాట్లాండ్ నుంచో బయల్దేరి, నార్వే నెత్తి మీదుగా తిరిగి మూర్మాన్‌స్క్, అర్ఖాంగెల్స్క్ రేవులకి చేరాలి. ఆ నార్వే అప్పటికే జర్మనీ చేతిలో ఉంది. అంటే దారి పొడవునా పక్కనే శత్రువు విమానాలు, నీటి కింద జలాంతర్గాములు, నార్వే ఫియర్డుల్లో దాక్కున్న పెద్ద యుద్ధనౌకలు.

మొదటి కాన్వాయ్ 1941 ఆగస్టులో ఐస్‌లాండ్ నుంచి బయల్దేరింది. 1945 దాకా మొత్తం 78 కాన్వాయ్‌లు, దాదాపు 1,400 సరుకు ఓడల ప్రయాణాలు. చేరిన సరుకు సుమారు 40 లక్షల టన్నులు. 85 సరుకు ఓడలు మునిగాయి. నావికులు దాదాపు 3,000 మంది చనిపోయారు.

ఈ అంకెలు చదువుతుంటే ఏమీ అనిపించదు. చలి గురించి చదివినప్పుడు అనిపించింది. వైజాగ్‌లో పుట్టి పెరిగిన మాకు సముద్రం అంటే ఉక్కపోత, ఒంటికి అంటుకునే ఉప్పుగాలి. అక్కడ చలికాలంలో అలల తుంపర డెక్ మీద పడగానే గడ్డకట్టేది. తాళ్ల మీద, రెయిలింగుల మీద, మాస్ట్ మీద పొరలు పొరలుగా మంచు పేరుకునేది. అలాగే వదిలేస్తే ఆ బరువుకి ఓడ పైభాగం భారమై బోల్తా పడుతుంది. అందుకే నావికులు గొడ్డళ్లు, సుత్తులు, పారలు పట్టుకుని మంచు కొట్టుకుంటూనే ఉండాలి. గ్లౌజు లేకుండా ఇనుము పట్టుకుంటే చర్మం దానికే అతుక్కుపోయేది. నీళ్లలో పడితే బతికేది కొన్ని నిమిషాలే.

మరి ఎండాకాలంలో వెళ్లొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడ ఎండాకాలంలో రాత్రే ఉండదు. ఇరవై నాలుగు గంటలూ వెలుతురే కాబట్టి విమానాలకి దొరికిపోతారు. చలికాలంలో చీకటి కాపాడుతుంది గానీ, మంచు దక్షిణానికి జరిగి ఓడల్ని నార్వే తీరం వైపే నెడుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

1942 జూన్ 27న ఐస్‌లాండ్ నుంచి పీక్యూ 17 అనే కాన్వాయ్ బయల్దేరింది. 35 సరుకు ఓడలు. సగానికి పైగా అమెరికావి. జులై 4 సాయంత్రం లండన్‌లోని నౌకాదళ ప్రధాన కార్యాలయం నుంచి వెంటవెంటనే ఆదేశాలు వచ్చాయి. కాపలా క్రూయిజర్లు వేగంగా వెనక్కి మళ్లాలి. సరుకు ఓడలు చెల్లాచెదురై ఎవరి దారిన వాళ్లు పోవాలి. కారణం ఒక్కటే, టిర్పిట్జ్ అనే జర్మన్ మహా యుద్ధనౌక మీదకొస్తోందన్న భయం. ఆ నిర్ణయం తీసుకున్నది నౌకాదళాధిపతి డడ్లీ పౌండ్. క్రూయిజర్లతో పాటు డిస్ట్రాయర్లు కూడా యుద్ధం జరుగుతుందనుకుని వెళ్లిపోయాయి.

నిజానికి ఆ సమయానికి టిర్పిట్జ్ నార్వేలో లంగరు వేసుకునే ఉంది. మర్నాడు బయటికొచ్చి, ఆ రోజే వెనక్కి తిరిగింది. పీక్యూ 17 మీద ఒక్క గుండూ పేల్చలేదు. విడిపోయిన ఓడల్ని మాత్రం విమానాలు, జలాంతర్గాములు ఒక్కొక్కటిగా వేటాడాయి. మొత్తం 24 సరుకు ఓడలు మునిగాయి. 153 మంది సరుకు ఓడల నావికులు చనిపోయారు. 430 ట్యాంకులు, 210 విమానాలు, 3 వేలకు పైగా వాహనాలు సముద్రం పాలయ్యాయి.

ఆ ఓడల్లో ఉన్నవాళ్ల వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. ఓడకి కొన్ని తుపాకులు బిగించి గన్నర్లను ఇచ్చారు, నిజమే. కానీ వాళ్లని నడిపించింది ఆ తుపాకులు కాదు, చుట్టూ ఉన్న యుద్ధనౌకల మీద నమ్మకం. ఆ యుద్ధనౌకలే వెనక్కి తిరిగి పోతుంటే చూస్తూ నిలబడాలి. ఎందుకో ఎవరూ చెప్పరు. ఇంజిన్ రూమ్‌లో ఉన్నవాడికైతే కనీసం చూసే అవకాశం కూడా లేదు. పైన ఏం జరుగుతోందో తెలియకుండా ఇంజిన్ తిప్పుతూ ఉండాలి. ఈ మాట రాస్తుంటే నాకు మావాడే గుర్తొస్తున్నాడు.

అదే కాన్వాయ్‌లో ఒక చిన్న ట్రాలర్ ఉంది. పేరు ఎయిర్‌షైర్. దాని కమాండర్ లియో గ్రాడ్‌వెల్ వృత్తిరీత్యా లాయర్. అందరూ విడిపొమ్మన్నప్పుడు ఆయన మూడు సరుకు ఓడల్ని వెంటేసుకుని ఉత్తరానికి, అందరూ భయపడే మంచులోకే తీసుకెళ్లాడు. వాటిలో ట్రౌబడోర్ అనే ఓడలో తెల్ల పెయింట్ నిల్వ ఉంది. దాంతో ఓడలకి తెల్లరంగు వేశారు. పై నుంచి చూసేవాడికి మంచులో మంచులా కనిపించాలి కదా! డెక్ మీద సరుకుగా ఉన్న ట్యాంకుల ఫిరంగుల్లోకి గుండ్లు ఎక్కించి సిద్ధంగా ఉంచారు. వెతికే విమానాలకి వాళ్లు దొరకలేదు. చివరికి మూడూ అర్ఖాంగెల్స్క్ చేరాయి. ఆ మూడింటిలో ఒకటైన సిల్వర్ స్వోర్డ్ మాత్రం సెప్టెంబర్‌లో తిరుగు ప్రయాణంలో మునిగింది.

ఇంకో విషయం చదివి చాలాసేపు కోపం తగ్గలేదు. 1941 మే దాకా బ్రిటిష్ సరుకు ఓడ మునిగితే, ఆ రోజు నుంచే నావికుడి జీతం ఆగిపోయేది. మనిషి లైఫ్‌బోట్‌లో చలికి వణుకుతూ ఉన్నా సరే, ఓడ లేదు కాబట్టి ఉద్యోగం లేదు. యుద్ధం మొదలైన ఏడాదిన్నర తర్వాత గానీ ఆ పద్ధతి మారలేదు.

ఇదంతా ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గరి గొడవ అనుకోకండి. అదే 1942లో, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మా వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. వైజాగ్‌లో పెద్దవాళ్ల కబుర్లలో ఆ బాంబుల సంగతి ఇప్పటికీ వస్తుంది. అదే దాడిలో బంగాళాఖాతంలో కాపలా లేకుండా వెళ్తున్న దాదాపు 20 సరుకు ఓడల్ని జపాన్ ముంచేసిన సంగతి మాత్రం ఎవరి నోటా వినలేదు. ఆ యుద్ధంలో చనిపోయిన దాదాపు 6 వేల మంది భారతీయ సరుకు ఓడల నావికుల పేర్లు ముంబై, చిట్టగాంగ్‌లలో ఉంచిన స్మారక గ్రంథంలో ఉన్నాయి. బ్రిటిష్ ఓడల్లో బొగ్గు వేసినవాళ్లు, వంట చేసినవాళ్లు, డెక్ కడిగినవాళ్లు. లష్కర్లు అనేవారు వాళ్లని.

ఆర్కిటిక్ కాన్వాయ్‌ల్లో వెళ్లినవాళ్లకి బ్రిటన్ ప్రత్యేకంగా ఆర్కిటిక్ స్టార్ అనే పతకం ఇచ్చింది 2013లో. యుద్ధం ముగిసిన 68 ఏళ్లకి! అప్పటికి బతికున్నవాళ్లలో చాలామందికి తొంభై దగ్గర పడ్డాయి. మిగతావాళ్ల పతకాలు ఇంట్లోవాళ్లు తీసుకున్నారు.

ఇప్పటి నావికులకి కొన్ని హక్కులు వచ్చాయి. యుద్ధప్రాంతంగా గుర్తించిన చోటికి ఓడ వెళ్తుంటే, నేను రానని చెప్పి కంపెనీ ఖర్చుతో ఇంటికి వచ్చేసే హక్కు చాలా అగ్రిమెంట్లలో ఉంది. వెళ్తే ఆ రోజులకి అదనపు జీతం ఉంటుంది. ఈసారి సైన్ ఆన్ చేసే ముందు తమ్ముడు ఆ పేజీ తెరిచి అమ్మకి తెలుగులో చెప్పాడు. "అంటే వద్దనొచ్చా?" అంది అమ్మ. "అనొచ్చు. కానీ నేను దిగితే నా డ్యూటీ ఇంకొకడు చేస్తాడు. వాడికీ అమ్మ ఉంటుంది కదా" అన్నాడు. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. వాడు ఏం చేస్తాడో నాకూ తెలీదు.

మీ ఇంట్లోనో, మీ ఫ్రెండ్స్‌లోనో ఎవరైనా ఓడెక్కబోతుంటే జీతం తర్వాత అడగండి. అగ్రిమెంట్‌లో ఆ పేజీ ఉందో లేదో ముందు చూడమనండి. లేకపోతే సంతకం పెట్టొద్దని చెప్పండి.