స్టీరింగ్ ముందు అరవై ఏళ్లు

కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమ వైపు నుంచి యవ్వనంలో కువైట్ చేరి, ఇంటి డ్రైవర్లుగానే అరవైకి దగ్గరపడ్డవాళ్లను మేము తరచూ చూస్తుంటాం. వాళ్లలో కొందరు దక్షిణాన వఫ్రా, ఉత్తరాన అబ్దలీ తోటల దాకా బండి నడుపుతారు. తిన్నని ఎడారి రోడ్డు, విపరీతమైన వేగం, ఉన్నట్టుండి కమ్మే దుమ్ము, రాత్రిపూట అడ్డొచ్చే ఒంటెలు. ప్రమాదం జరిగితే జనం వయసును తిడతారు. నేను మాత్రం వయసుతోపాటు వచ్చి, ఎవరూ పట్టించుకోని చూపునూ షుగర్‌నూ నిద్రనూ తప్పుపడతాను.

శుక్లం మెల్లగా ముదురుతుంది కనుక మనిషి దానికి అలవాటు పడిపోతాడు. ఎదురు లైట్లు పడినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. అమెరికాలోని అలబామా పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, శుక్లం ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లకు, చేయించుకోనివాళ్లతో పోలిస్తే ప్రమాదాలు దాదాపు సగమే. షుగర్ సంగతి ఇంకా చిక్కు. అందరూ పెరిగే షుగర్‌కే భయపడతారు, స్టీరింగ్ దగ్గర భయపడాల్సింది పడిపోయే షుగర్‌కి. ఇన్సులినో గ్లిబెన్‌క్లమైడ్ మాత్రో వేసుకుని, పిల్లల్ని బడికి దింపే తొందరలో టిఫిన్ మానేస్తే నడిరోడ్డు మీదే అయోమయం కమ్ముతుంది. ముందుగా హెచ్చరించే చెమట, వణుకు వయసు మీదపడ్డాక సరిగా తెలియవు కూడా. 2009 నాటి ఒక కెనడా అధ్యయనంలో, ప్రమాదాల పాలైన షుగర్ రోగుల మూడు నెలల షుగర్ సగటు మిగతావాళ్లకన్నా తక్కువే ఉంది. కాబట్టి డాక్టరు డ్రైవర్ రిపోర్టు చూసి బాగుందని పంపేస్తే సరిపోదు, ఏ వేళకు తింటాడో, ఎప్పుడు బండెక్కుతాడో అడగాలి. ఇక నిద్ర. అర్ధరాత్రి యజమానిని దివానియా (మగవాళ్లు కూడి కబుర్లాడుకునే చావడి) నుంచి తెచ్చి, తెల్లారగానే బడి ముందుండాలి. రంజాన్‌లో రాత్రీ పగలూ తారుమారు. దానికి తోడు దుమ్ము అలర్జీకి వేసుకున్న మత్తు మాత్ర.

ఇన్నేళ్ల అనుభవం కాపాడదా అంటారు. కొంత కాపాడుతుంది, పెద్దవాళ్లు దూకుడుగా నడపరు. కానీ పడిపోయిన షుగర్ ముందు ఏ అనుభవమూ పనిచేయదు. జబ్బు చెబితే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంటికి పంపేస్తాడన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం, ఆ భయం నిజమైనదే. అందుకే వయసు గీత గీసి తీసేయడాన్ని నేను ఒప్పుకోను. అలా చేస్తే జబ్బులు మరింత దాస్తారు. ఇంటి పనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదనీ, వారానికో సెలవివ్వాలనీ కువైట్ 2015లోనే చట్టం చేసింది. అది ఇంటి గడప లోపల అమలైతే నిద్ర సమస్య చాలావరకు తగ్గుతుంది. మిగతావాటికి ఏడాదికోసారి కంటి పరీక్ష, బండిలో షుగర్ మీటరు, నాలుగు ఖర్జూరాలు చాలు. ఇన్సులిన్ వాడేవాళ్లకు బ్రిటన్ నియమం తేలికైనది: షుగర్ 90 కన్నా తక్కువుంటే ఏదైనా తినాలి, 70 దరిదాపుల్లోకి పడితే బండి నడపకూడదు, షుగర్ సరిపడ్డాక కూడా 45 నిమిషాలు ఆగాలి. ఆ 45 నిమిషాలు అడిగే డ్రైవర్‌ను యజమాని కోప్పడకుండా ఆగనివ్వాలి.