బ్రేకులో గాలి

కారు నడపడం కన్న ఆపడం ముఖ్యమని అందరికీ తెలుసును. మాకూ తెలుసుననే యిన్నాళ్లూ అనుకున్నాము.

నౌబాదులో మా పెరటి వేపచెట్టు క్రింద, పాత కారుకు చిన్న మరమ్మతులు మేమే చేసుకుంటాము. క్రిందటి వేసవిలో కుడివైపు ముందు చక్రానికి పోయే బ్రేకు గొట్టం మార్చేము. గొట్టం విప్పితే గాలి చొరబడక మానదు. దానిని వెళ్లగొట్టడానికి పద్ధతి పాతదే. మా యింటావిడ పెడలు నొక్కుతుంది, మేము చక్రం దగ్గర నిపిలు విప్పుతాము. "నొక్కు", "పట్టుకో", "వదులు" - ముప్ఫయి యేండ్ల సంసారంలో ఆమె మా మాట వినేది ఆ కాస్సేపే. నాలుగో చక్రం నాటికి ఆమె మోకాలు పట్టేసింది. "ఇంకా ఎన్నిసార్లండీ?" అన్నది. "చాలులే" అని లేచేము.

ఆ ఆదివారం మనవడితో నరసింహ ఝరణికి వెళ్లి వస్తున్నాము. ఒక వాలులో గేదెలు అడ్డం వచ్చేయి. పెడలు నొక్కితే మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. మళ్లీ మళ్లీ నొక్కగా మూడోమారు పట్టుకున్నది. గేదెకూ మాకూ నడుమ మూరెడు దూరం. "తాతా, మళ్లీ చెయ్యి!" అని మనవడు నవ్వేడు. కారు పక్కన పెట్టి ఆటోలో ఇల్లు చేరేము. దారి పొడుగునా ఆమె మాట్లాడలేదు. "చాలులే" అన్నది మేమే గనుక, మేమూ మాట్లాడలేదు.

మా నౌబాదులో బహమనీల నాటి కరేజు ఉన్నది. నేల క్రింది ఆ నీటి సొరంగానికి నడుమ నడుమ పైకి బావులు తవ్వేరు. గాలీ వెలుతురూ అందితేనే మనిషి దిగి పూడిక తీయగలడు. బ్రేకు గొట్టం తీరు వేరు. ద్రవం నొక్కినా కుదించుకోదు గనుక కాలి బలాన్ని చక్రానికి అందిస్తుంది. గాలి బుడగ ఉంటే, అది నలుగుతూ ఆ బలాన్ని తానే మింగేస్తుంది.

సంగతి విని హైదరాబాదు నుంచి మా అబ్బాయి ప్రెషర్ బ్లీడరు పంపించేడు. పురుగుల మందు కొట్టే పంపువంటి డబ్బా, దానికొక ఒత్తిడి మీటరు. ముందు వట్టి గాలితో బిగింపు సరిచూసుకోవాలి. తరువాత కారు పుస్తకం చెప్పిన రకం బ్రేకు ఆయిలు, అప్పుడే మూత తీసిన సీసాలోది పోయాలి. అది తేమను పీల్చుకునే గుణం కలది. పంపు ఒత్తిడి 15 పౌండ్లు దాటనీయకూడదు. మా కారుకు దూరపు చక్రం ఎడమ వెనుకది, అక్కడ మొదలుపెట్టేము. నిపిలు కొద్దిగా విప్పగానే నల్లని ఆయిలు, బుడగలు సన్నని గొట్టంలోంచి సీసాలోకి దిగేయి. తేటబడ్డాక బిగించేము. చివరి చక్రం దగ్గర బుడగలు బారులు తీరి వచ్చేయి. అవన్నీ మా "చాలులే"లే.

ఆమె గడపలో కూర్చుని చూస్తున్నది. "ఇక నాతో పనిలేదన్నమాట" అన్నది.

"ఉన్నది" అన్నాము. ఒకరు పెడలు తొక్కిపట్టుకుంటే గాని నిపిళ్ల దగ్గర చెమ్మ తెలియదు. ఆమె వచ్చి ఒక్కసారి నొక్కింది. పెడలు రాయిలా నిలిచింది. నాలుగు చక్రాలూ చూసి "చాలు" అనబోయి, ఆగి, మరొక చుట్టు చూచేము.