ఈజిప్టు వెళ్తున్నారా? లక్సర్‌లో ఎన్ని రాత్రులో లెక్క చూసుకోండి

ఈజిప్టు యాత్రకి డబ్బు కట్టబోతున్నారా? అయితే ట్రావెల్స్ వాళ్ళిచ్చిన రంగుల కాగితాన్ని ముందు పెట్టుకోండి. ఒంటెలూ, పిరమిడ్లూ, పడవలో విందులూ ఉన్న ఆ ఫోటోలని కాసేపు వదిలేసి, లక్సర్ అనే ఊళ్ళో ఎన్ని రాత్రులు బస వేశారో వెతకండి. ఒక్క రాత్రే అయితే అడ్వాన్సు ఇవ్వకండి. రెండైతే బేరమాడి మూడు చేయించండి.

పిరమిడ్లు కైరో పక్కనే గిజాలో ఉన్నాయి, నిజమే. కానీ మనం సినిమాల్లో చూసి నోరెళ్ళబెట్టే పెద్ద పెద్ద స్తంభాల గుళ్ళు, రంగురంగుల సమాధులు మాత్రం కైరోలో లేవు. అవి అక్కడికి దక్షిణంగా దాదాపు 670 కిలోమీటర్ల దూరాన లక్సర్‌లో ఉన్నాయి. విమానంలో గంట ప్రయాణం, రైల్లో అయితే రాత్రంతా. కొన్ని ప్యాకేజీలు ఏం చేస్తాయంటే, కైరోలోనే నాలుగు రాత్రులు ఉంచి అత్తరు దుకాణం, పాపిరస్ దుకాణం, తివాచీల దుకాణం అంటూ తిప్పుతాయి. లక్సర్‌ని మాత్రం ఒక్క పూటలో చుట్టబెట్టేస్తాయి. చీటీలు వేసి, నగల ముచ్చట వాయిదా వేసి కూడబెట్టిన డబ్బు. ఇంత దూరం రెండోసారి వెళ్ళే వీలు మనలో ఎందరికి ఉంటుంది? అందుకే ఈ లెక్కలు శ్రీవారికే వదిలేయకుండా మీరూ కూర్చోండి.

కైరోకి రెండు రోజులు చాలు. ఒక పూట గిజా. ఖుఫు రాజు పిరమిడ్ కట్టినప్పుడు 146 మీటర్ల ఎత్తు. దాని లోపలికి వెళ్ళడానికి వేరే టిక్కెట్టు ఉంది. సన్నటి దారిలో నడుం వంచుకుని ఎక్కాలి, గాలి ఆడదు, పైకి చేరాక కనిపించేది ఒక ఖాళీ రాతి పెట్టె. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారినీ, ఆయాసం ఉన్నవాళ్ళనీ బయటే కూర్చోబెట్టండి. వాళ్ళకి దక్కకుండా పోయేది ఏమీ లేదు. రెండో రోజు అక్కడికి దగ్గర్లోనే ఉన్న గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి ఇవ్వండి. 2025 నవంబరులో దీన్ని పూర్తిగా తెరిచారు. చిన్నవయసులో పోయిన టుటన్‌ఖామున్ రాజు బంగారు ముసుగూ, మంచాలూ, చెప్పులూ అన్నీ ఇప్పుడు ఇక్కడే ఉన్నాయి.

ఇక లక్సర్. నైలు నదికి తూర్పు ఒడ్డున గుళ్ళు, పడమటి ఒడ్డున సమాధులు. సూర్యుడు అస్తమించే వైపు చనిపోయినవారిదని వాళ్ళ నమ్మకం. తూర్పున కర్నాక్ ఆలయం పొద్దున్నే చూడండి. అందులో ఒక్క మండపంలోనే 134 స్తంభాలున్నాయి. మధ్యనున్న పన్నెండూ సుమారు 21 మీటర్ల ఎత్తు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది కానీ, పైకప్పు రాళ్ళ అడుగున వేసిన రంగులు ఇంకా కనిపిస్తాయి. లక్సర్ ఆలయాన్ని మాత్రం సాయంత్రానికి అట్టే పెట్టుకోండి. దీపాల వెలుగులో దాని అందమే వేరు. ఆ గుడి ప్రాంగణంలోనే ఒక మసీదు ఉంది, ఇప్పటికీ నమాజు జరుగుతుంది. గుడి ముఖద్వారం దగ్గర ఉండాల్సిన రెండు రాతి స్తంభాల్లో ఒకటే ఉందేమిటా అనుకుంటారు. రెండోది పారిస్ నగరం నడిబొడ్డున 1836 నుంచి నిలబడి ఉంది.

పడమటి ఒడ్డుకి ఒక నిండు రోజు కావాలి. రాజుల లోయలో అరవైకి పైగా సమాధులున్నా మామూలు టిక్కెట్టు మీద మూడింట్లోకే వెళ్ళనిస్తారు. టుటన్‌ఖామున్ సమాధికి విడిగా కొనాలి. చిన్న గది, సామానంతా మ్యూజియానికి పోయింది, ఆ రాజు మాత్రం అక్కడే పడుకుని ఉన్నాడు. 1922లో ఇది బయటపడిన కథ విన్నవాళ్ళు వెళ్ళకుండా ఉండలేరనుకోండి.

లోయకి కొండ అవతలి వైపున హత్షెప్సుత్ ఆలయం. క్రీస్తు పూర్వం 15వ శతాబ్దంలో దాదాపు ఇరవై ఏళ్ళు దేశాన్నేలిన మహారాణి ఆవిడ. మొదట సవతి కొడుకు పసివాడని అతని తరఫున పాలించి, తర్వాత తనే ఫరో అయింది. విగ్రహాల్లో ఆవిడకి గడ్డం పెట్టి ఉంటుంది, కంగారు పడకండి, అది రాజచిహ్నం. గోడల మీద ఆవిడ పంట్ దేశానికి పంపిన ఓడలూ, అక్కడినుంచి వేళ్ళతో సహా బుట్టల్లో పెట్టి తెచ్చిన సాంబ్రాణి మొక్కలూ చెక్కి ఉన్నాయి. మనం పుట్టింటి నుంచి మల్లె అంటు తెచ్చుకున్నట్టే! ఆవిడ పోయిన తర్వాత ఆ సవతి కొడుకు ఏలుబడిలోనే ఆవిడ పేరునీ బొమ్మల్నీ చెక్కేయించారు. చెక్కేసిన చోట్లు ఎక్కడెక్కడున్నాయో గైడుని అడిగి చూడండి.

ఇంతవరకు ప్యాకేజీలో ఉంటుంది. ఉండనిది, మీరు పట్టుబట్టి అడగాల్సింది డేర్ ఎల్ మెదీనా. రాజుల సమాధులు తవ్వి, రంగులు వేసిన పనివాళ్ళు కాపురమున్న ఊరది. రాజమందిరాలు కాదు, మొండిగోడల ఇళ్ళ వరసలు. ఒక ఇంటి గోడ పక్కనే ఇంకో ఇల్లు, వెనక వంటిల్లు, నేలలో సామాన్ల కొట్టు. ఇక్కడి జనం రాతిముక్కల మీదా పాపిరస్ మీదా రాసుకున్న లెక్కలు వేలకొద్దీ దొరికాయి. అందులో ఒకటి పనివాళ్ళ సెలవుల పట్టీ. తేలు కుట్టిందని ఒకడు, ఇంట్లో బీరు కాస్తున్నామని ఇంకొకడు, భార్య బయట ఉందని, కూతురు బయట ఉందని మరొకడు సెలవు పెట్టారు. మూడో రామ్సెస్ కాలంలో కూలి కింద రావలసిన గింజలు రాలేదని వీళ్ళు పని ఆపేసి గుడి దగ్గర బైఠాయించారు. రాతలో దొరికిన మొట్టమొదటి సమ్మె ఇదే అంటారు.

నౌనఖ్తే అనే ఇల్లాలు కూడా ఈ ఊరిదే. ఎనిమిది మంది బిడ్డల తల్లి. ముసలితనంలో సాక్షుల ముందు కూర్చుని వీలునామా రాయించింది. తనని చూసుకున్న వాళ్ళకే తన ఆస్తి, చూడనివాళ్ళకి లేదు అని. మూడు వేల ఏళ్ళ కిందటి మాట. ఆ పాపిరస్ ఇప్పుడు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది కానీ, ఆవిడ తిరిగిన వీధిలో మీరు నడవొచ్చు. అక్కడే సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి ఉంది. అందులో భార్యాభర్తలిద్దరూ పరలోకంలో పొలం కోసుకుంటున్న బొమ్మ నిన్న వేసినంత తాజాగా ఉంటుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, జాగ్రత్త.

లక్సర్ నుంచి అస్వాన్ వరకు పడవలో వెళ్తే దారిలో ఎడ్ఫు, కోమ్ ఓంబో గుళ్ళు వస్తాయి. ఎడ్ఫు దాదాపు చెక్కు చెదరలేదు. కోమ్ ఓంబోలో ఇద్దరు దేవుళ్ళకి రెండు గర్భాలయాలు, పక్కనే మొసళ్ళ మమ్మీలు. పిల్లలకి ఇది బాగా నచ్చుతుంది. అస్వాన్‌లో ఒక ద్వీపం మీద ఫిలే ఐసిస్ దేవత గుడి. ఇక అబూ సింబెల్ అంటే అక్కడినుంచి రోడ్డు మీద పోను మూడు గంటల పైమాటే, తెల్లవారుజామునే లేవాలి. వెళ్ళగలిగితే వెళ్ళండి. రెండో రామ్సెస్ తన భార్య నెఫెర్తారికి కట్టించిన చిన్న గుడి ముందు ఆవిడ విగ్రహాలు రాజు విగ్రహాలంత ఎత్తే ఉంటాయి. ఇది ఈజిప్టులో చాలా అరుదు. అస్వాన్ హై డామ్ నీళ్ళలో మునగకుండా 1964 నుంచి 1968 వరకు ఆ కొండ గుళ్ళని ముక్కలుగా కోసి 65 మీటర్ల పైకి చేర్చారు. మనకిది తెలియని కథేం కాదు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఇలాగే విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేసవి సెలవులని మే నెలలో పెట్టుకున్నారా, లక్సర్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రంజాన్ మాసంలో చాలాచోట్ల త్వరగా మూసేస్తారు, తేదీలు సరిచూసుకోండి. వీసా నిబంధనలు మారుతుంటాయి గనక టిక్కెట్టు కొనేముందే ఎంబసీ వారి సమాచారం చూడండి. చీరలు ఫోటోలకి ఒకటి రెండు చాలు, సమాధుల మెట్లకి చుడీదార్లే సుఖం. పెద్ద స్థలాల్లో టిక్కెట్లకి చాలావరకు కార్డే అడుగుతారు. అయినా చిల్లర నోట్లు ఎప్పుడూ దగ్గరుంచుకోండి. బాత్‌రూం దగ్గర, తలుపు తీసేవాడి దగ్గర, అడక్కుండానే ఫోటో తీసిపెట్టేవాడి దగ్గర వినిపించే మాట బక్షీస్. మనవాళ్ళు వాడే బక్షీసే అది, అర్థం చెప్పక్కర్లేదు.

శాకాహారులకి బెంగ లేదు. అన్నం, మసూర్ పప్పు, శనగలు, మాకరోనీ కలిపి పైన టమాటా పులుసు, వేయించిన ఉల్లిపాయలు వేసిచ్చే కొషరీ రోడ్డు పక్కన కూడా దొరుకుతుంది. బాకలా చిక్కుడు గింజలు రుబ్బి వేసే తామేయా అచ్చం మన మసాలా వడే. ఆకుకూరలా కనిపించే మొలోఖియా మాత్రం చాలాసార్లు మాంసం రసంతో చేస్తారు, అడిగి తినండి. ఆవకాయ సీసా పట్టుకెళ్తే గట్టిగా చుట్టి పెద్ద పెట్టెలోనే పెట్టండి, చేతిసంచీలో ఉంటే ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు.