డి స్మెట్ నుంచి చెల్లాయికి

వాల్‌నట్ గ్రోవ్, మిన్నెసోటా
జూన్ 19, సాయంత్రం

చెల్లాయ్,

మొన్న ఫోన్లో, "ఎవరో పుస్తకాలు రాసినావిడ ఊరు చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా అక్కా?" అన్నావు. సమాధానం ఫోన్లో చెప్పేది కాదు. అందుకే ఉత్తరం. అమ్మ పోయాక మనిద్దరం ఒకళ్ళకొకళ్ళం ఉత్తరం ముక్క రాసుకోలేదని రాయడానికి కూచున్నాకే గుర్తొచ్చింది.

ఆవిడ పేరు లారా ఇంగల్స్ వైల్డర్. 1867లో పుట్టింది, మొదటి పుస్తకం 1932లో వచ్చింది. అంటే అరవై అయిదేళ్ళు నిండాక. ఆవిడ చిన్నతనమే కథ: నాన్న, అమ్మ, ఆడపిల్లలు, గుడ్డ కప్పిన బండి, రెండు గుర్రాలు. మనవరాలికి రాత్రిళ్ళు చదివి వినిపించడానికి మొదలుపెట్టాను. అది నిద్రపోయాక కూడా నేను దీపం ఆర్పలేకపోయేదాన్ని. ఎందుకో తెలుసా? అందులో నాన్న అచ్చం మన నాన్నే. చార్లెస్ ఇంగల్స్‌కి ఒక చోట కాలు నిలవదు. విస్కాన్సిన్ అడవి, కాన్సాస్ బీడు, మళ్ళీ వెనక్కి, ఆపైన మిన్నెసోటా, అయోవా, చివరికి డకోటా. ఎక్కడున్నా ఆయన చూపు పడమటి దిక్కుకే. నాన్న తణుకు దగ్గర ఎకరన్నర తెగనమ్మి, "తుంగభద్ర కాలవ కింద పదెకరాలొస్తుందే" అని అమ్మతో చెప్పిన రాత్రి నీకు తెలీదు. నువ్వప్పటికి చంటిదానివి. అమ్మ ఏమీ అన్లేదు. లేచి వెళ్ళి రుబ్బురోలు కడిగింది. అది మాత్రం బండెక్కాల్సిందేనని తర్వాత చెప్పింది.

ఈ ఊళ్ళో ఎక్కువసేపు లేం. ప్లమ్ క్రీక్ అనే వాగు గట్టుని తొలిచి, గుహలాంటి ఇంట్లో ఇంగల్స్ వాళ్ళు కాపురముండేవాళ్ళు. ఇప్పుడక్కడ గట్టు మీద గడ్డి మొలిచిన పల్లం మాత్రమే ఉంది. పంట చేతికొచ్చే వేళకి మిడతల దండు దిగి గింజ మిగల్చలేదు. తండ్రి కూలికోసం తూర్పుకి నడిచి వెళ్ళాడు. మేమెళ్ళేసరికి వాగులో మోకాల్లోతు నీళ్ళున్నాయి. మనవరాలు దిగింది, నేను గట్టు మీదే కూచున్నాను. రేపు పొద్దున్నే డి స్మెట్ బయల్దేరుతున్నాం.

డి స్మెట్, దక్షిణ డకోటా
జూన్ 20, రాత్రి

చెల్లాయ్,

ఊళ్ళో ఉండేది వెయ్యి మంది. చుట్టూ మొక్కజొన్న, సోయా. మైళ్ళ దూరం నుంచే ధాన్యం నిలవచేసే ఎత్తైన గొట్టాలు కనిపిస్తాయి, ఆ తర్వాతే ఊరు. కాల్యుమెట్ అవెన్యూ అని ఒకటే పెద్ద వీధి. పుస్తకంలో వచ్చే లోఫ్టస్ కొట్టు ఇంకా ఉంది.

ఈ ఊరు రైలు వల్ల పుట్టింది. 1879లో పట్టాలు వేసే పనివాళ్ళు సిల్వర్ లేక్ అనే చెరువు పక్కన దిగితే, చార్లెస్ ఇంగల్స్ వాళ్ళ లెక్కలు రాసే గుమాస్తాగా వచ్చాడు. దాన్నీ క్యాంపనే అనేవాళ్ళు! ఆ మాట చదివినప్పుడు నాకు సింధనూరు బస్టాండులో కండక్టరు "క్యాంపు, క్యాంపు" అని అరవడం చెవిలో వినిపించింది. అరవై ఏళ్ళు దాటినా తుంగభద్ర కాలవ కింద మన ఊరిని ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారు. వీళ్ళది మాత్రం మరుసటి ఏడాదికే డి స్మెట్ అయింది.

పనివాళ్ళు వెళ్ళిపోయాక ఆ చలికాలం కాపలాకి ఇంగల్స్ కుటుంబం ఒక్కటే రైల్వే సర్వేయర్ల ఇంట్లో ఉంది. చెరువు దగ్గర్నుంచి ఆ ఇంటిని ఊళ్ళోకి తరలించి అలాగే కాపాడుతున్నారు. పన్నెండేళ్ళ లారాకి అదొక మేడలా కనిపించిందట. లోపలికి అడుగుపెట్టాను కదా, పది మందిమి నిలబడితే ఒకళ్ళ భుజం ఒకళ్ళకి తగులుతోంది. సామాన్ల గది తలుపు తీస్తే వరుసగా అరలు. ఆ అరల ముందు నేను కాసేపు కదల్లేదు. సరుకులతో నిండిన అర చూడ్డం ఆ పిల్లకి ఎంత గొప్పో నాకు తెలుసు. మన తాటాకు పాకలో మూలన ఒకదాని మీద ఒకటి పేర్చిన కుండల్లో పైకుండలో బెల్లముందా లేదా అని నేను రోజూ తడిమి చూసేదాన్ని.

మరుసటి ఏడాది కథ చెప్పాలి. 1880 అక్టోబరులోనే మంచు తుపాను కొట్టింది. అది మొదలు, ఒకటి వదిలితే ఒకటి. కొత్త ఏడాది మొదట్లోనే రైళ్ళు ఆగిపోయాయి. మంచు తవ్వి పట్టాలు తేల్చడం, రాత్రికి మళ్ళీ పూడిపోవడం. మే నెల దాకా బండి రాలేదు. బొగ్గు అయిపోయింది, కిరోసిన్ అయిపోయింది, పిండి అయిపోయింది. చెట్టు లేని నేల, పొయ్యిలోకి పుల్ల దొరకదు. అప్పుడు తండ్రీ, పధ్నాలుగేళ్ళ లారా కూచుని బాడవలో కోసిన ఎండుగడ్డిని మెలిపెట్టి కట్టెల్లా చేసేవాళ్ళు. కాఫీ గింజలు పొడిచేసే చేతిమరలో గోధుమలు విసిరి ఆ ముతక పిండితో రొట్టె. ఒకళ్ళు గడ్డి మెలిపెట్టాలి, ఒకళ్ళు మర తిప్పాలి, తెల్లారి లేచిందగ్గర్నుంచి పడుకునేదాకా అదే పని. 1940లో వచ్చిన 'ద లాంగ్ వింటర్' పుస్తకమంతా ఆ చలికాలమే.

ఊరి బయట ఆ కుటుంబం సాగుచేసిన పొలంలో ఇప్పుడు పిల్లలకి ఆ పనులన్నీ చేయించి చూపిస్తారు. గడ్డి దగ్గరికొచ్చేసరికి అక్కడి అమ్మాయి నా చేతికీ ఒక గుప్పెడు ఇచ్చింది. పొడుగాటి గరుకు గడ్డి, మన జమ్ములాగా అంచు కోసుకుంటుంది. ఆ పిల్ల నేర్పబోతే నా చేతులు ఆగలేదు. కుప్పనూర్పుళ్ళకి నాన్న పక్కన కూచుని వెంటి పేనిన చేతులు కదా! ఒక కొస కాలి కింద తొక్కిపట్టి, రెండో కొస అరచేతుల మధ్య తిప్పుతూ పోతే, బిగిసి బిగిసి అది తనంతట తనే వెనక్కి మెలిపడుతుంది. అక్కడ మడిచి కొసని లోపలికి దోపేస్తే మూరెడు గడ్డికట్టె తయారు. అమ్మాయి మెచ్చుకుంది. మూడోది చేసేసరికి బొటనవేలు కింద చర్మం లేచింది. పొయ్యిలో వేస్తే అది నిమిషాల్లో మండిపోతుంది. నెలల తరబడి అదే పని, చెల్లాయ్.

ఆ కథలో నన్ను పట్టి ఉంచేది విత్తనం సంగతి. ఆల్మాంజో వైల్డర్ అని ఒక కుర్రరైతు, వచ్చే ఏడాది చల్లాల్సిన విత్తనపు గోధుమల్ని గోడ వెనక ఇంకో గోడ కట్టి దాచాడు. ఊరు పస్తులకి దగ్గరైంది. అతనూ, ఇంకో కుర్రాడూ ప్రాణాలకి తెగించి, ఎక్కడో ఒక ఆసామి దగ్గర గోధుమలున్నాయని విని, మంచులో బండ్లు కట్టుకెళ్ళి కొనుక్కొచ్చారని రాసిందావిడ. విత్తనం ముట్టకూడదు, పక్కింటి పిల్లలు ఆకలితో పోకూడదు. మధ్యలో ఉన్న దారి అదొక్కటే. కాలవకి నీళ్ళు రాని ఏడాది అమ్మ విత్తనాల గోతం మీద పక్క వేసుకుని పడుకునేది, జ్ఞాపకముందా? ఆ ఆల్మాంజోనే 1885లో లారా పెళ్ళి చేసుకుంది.

డి స్మెట్
జూన్ 21, మధ్యాహ్నం

చెల్లాయ్,

పొద్దున ఊళ్ళో మూడో వీధిలో ఉన్న ఇంటికెళ్ళాం. 1887లో చార్లెస్ ఇంగల్స్ కట్టిన చెక్క ఇల్లు. పుస్తకాల్లో ఇది రాదు. నాకు మాత్రం ఇక్కడ చూసినవన్నీ ఒకెత్తు, ఈ ఇల్లొకెత్తు.

ఇంకా పడమటికి, ఒరెగాన్ దాకా పోదామని ఆయనకి ఉండేదట. ఆ తల్లి కెరొలైన్ ఇక కదలనంది. పిల్లలకి బడి కావాలి. పెద్దమ్మాయి మేరీకి పధ్నాలుగో ఏట జబ్బు చేసి కళ్ళు పోయాయి. ఆ పిల్లని అయోవాలో అంధుల కళాశాలకి పంపాలి. 1881 నుంచి 1889 దాకా మేరీ అక్కడ చదువుకుంది. ఆ ఖర్చుకి సాయంగా లారా లేత వయసులోనే ఊరికి దూరంగా ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పింది. ఆవిడ పుస్తకాల్లో నాన్న ఫిడేలు మోగుతూ ఉంటుంది, అమ్మ కుడుతూ వండుతూ కనిపిస్తుంది. కానీ ఈ ఊరు వీళ్ళ ఊరు కావడానికి కారణం ఆ అమ్మ. తండ్రి పోయాక గదులు అద్దెకిచ్చుకుని బతికింది. మేరీ చదువుకుని వచ్చి, గుర్రాలకి ఈగలు ముసరకుండా కప్పే వలలు అల్లుతూ అమ్మ దగ్గరే ఉండిపోయింది. చెల్లెలు కారీ ఇక్కడి పత్రికలో పని చేసింది.

లారా 1894లో భర్తతో, ఏడేళ్ళ కూతురితో మిస్సోరీకి వెళ్ళిపోయింది. దారిలోంచి ఆవిడ రాసిన ఉత్తరాన్ని ఈ ఊరి పత్రిక అచ్చువేసింది. అచ్చులో ఆవిడ మొదటి అక్షరాలు ఇంటికి రాసిన యాత్రా లేఖే అన్నమాట. 1902లో తండ్రి ఆఖరి ఘడియల్లో వచ్చింది. ఆ తర్వాత అమ్మనీ, మేరీనీ మళ్ళీ చూళ్ళేదు. తల్లి 1924లో పోయింది, మేరీ 1928లో. పుస్తకం 1932. ఫిడేలు వాయించిన నాన్న గానీ, రొట్టె చేసిన అమ్మ గానీ, తన కళ్ళకి బదులు చెల్లెలి మాటలతో లోకాన్ని చూసిన మేరీ గానీ ఒక్క పేజీ ఎరగరు.

శ్మశానం ఊరి అంచున చిన్న మిట్ట మీద ఉంది. తండ్రి, తల్లి, మేరీ, కారీ, ఆఖరి చెల్లెలు గ్రేస్ ఒకే చోట ఉన్నారు. లారాకి 1889లో పుట్టి, పేరు పెట్టకముందే పోయిన కొడుకు కూడా ఇక్కడే. లారా లేదు. మిస్సోరీలో ఉంది. ఉండిపోయినవాళ్ళు ఇక్కడ, రాసిన మనిషి అక్కడ. మనవరాలు "అమ్మమ్మా, ఎందుకేడుస్తున్నావు?" అంది. అమ్మ పోయిన రోజు నేను ఇదే దేశంలో, దీని పురిటి పని చేస్తున్నానని పసిదానికి ఏం చెప్పను? నువ్వు అమ్మకి నోట్లో తులసి నీళ్ళు పోశావు. నాకు నువ్వు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇవాళ అనిపించింది.

ఇంకో సంగతి కూడా నీతో చెప్పాలి. 1862 చట్టం ప్రకారం ఐదేళ్ళు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు సొంతం. ఊరి బయట ఇంగల్స్ వాళ్ళ పొలం అలా వచ్చిందే. ఖాళీ నేల అని వీళ్ళు అనుకున్నారు. డకోటా అనేది అంతకుముందు ఇక్కడ బతికినవాళ్ళ పేరే! కాన్సాస్‌లో ఇంగల్స్ ఇల్లు కట్టుకున్నది సరాసరి ఓసేజ్ జాతివాళ్ళ భూమిలో. ఆ జనం గురించి పుస్తకాల్లో పడిన మాటలు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆ పేజీ వచ్చినప్పుడు నేను ఆపి మనవరాలికి విడమర్చి చెప్పాను. ఆ మాటల కారణంగానే, ఆవిడ పేరు మీద ఇచ్చే బాలసాహిత్య పురస్కారానికి 2018లో పేరు మార్చారు. అది సబబే అనిపించింది నాకు. పుస్తకాల మీద నా ప్రేమ తగ్గలేదు.

మన పొలం మనం కొనుక్కున్నాం, పత్రాలున్నాయి, నిజమే. కానీ తుమ్మలు కొట్టి నేల చదును చేసిన కథ నాన్న వందసార్లు చెప్పాడు గానీ, ఎకరం ఇంతకని చౌకగా మనకి అమ్మేసిన ఆ కన్నడ రైతు పేరు ఎప్పుడైనా చెప్పాడా? జొన్న పండించుకునే మనిషి. కాలవ నీళ్ళు వచ్చాక ఆ నేలే వరి పొలమైంది.

చివరికి చెట్ల దగ్గరికొచ్చాను. పొలం మూలన కాటన్‌వుడ్ చెట్లు. భార్యకొకటి, నలుగురు కూతుళ్ళకి నాలుగు, అయిదు మొక్కలు తెచ్చి నాటాడు చార్లెస్ ఇంగల్స్. తనకంటూ నాటుకోలేదు. ఆకు మన రావాకులాగే సన్నటి తొడిమ మీద ఊగుతుంది, గాలి లేదనుకున్నప్పుడు కూడా గలగలలాడుతూనే ఉంటుంది. ఇప్పుడు కాయ పగిలే రోజులు. బూరుగు దూదిలా తెల్లగా ఎగిరి జుట్టులో, కళ్ళజోడు మీద, ఈ కాగితం మీద పడుతోంది. ఒక పోగు ఇందులో మడిచి పెడుతున్నాను.

ఆగస్టు మొదటి వారంలో బయల్దేరతాను. ఈసారి ముందు ఇంకెక్కడికీ కాదు, తిన్నగా నీ దగ్గరికే. ఈలోపు మరిదిగారిని పాత దస్తావేజు ఒకసారి తీసి చూడమను. అమ్మినాయన పేరు అందులో ఉంటుంది. ఆయన పిల్లలో మనవలో ఆ చుట్టుపక్కలే ఉంటే, నేనొచ్చాక మనిద్దరం వెళ్ళొద్దాం.

మీ అక్క