గొంతు ఒకరిది, ప్రేమ ఒకరిది

1953లో విడుదలైన ‘పక్కింటి అమ్మాయి’ ఇప్పుడు చాలామందికి పేరైనా గుర్తులేని నలుపు తెలుపు చిత్రం. ఆ ఏడాదే కాంతారావు ‘ప్రతిజ్ఞ’తో హీరో అయ్యాడు. జానపద వీరుల కాలం అది. అలాంటి రోజుల్లో కత్తి పట్టని, పాటైనా రాని అమాయకుణ్ణి కథానాయకుణ్ణి చేయడం సాహసమే.

దర్శకుడు 1934 ‘లవకుశ’ తీసిన సి. పుల్లయ్య. కథ బెంగాలీది, అరుణ్ చౌధురి రాసిన ‘పాశేర్ బాడీ’. హాస్యనటుడిగానే జనమెరిగిన రేలంగి ఇందులో నాయకుడు, అంజలీదేవి నాయిక. సంగీతం అశ్వత్థామ.

పక్కింటి అమ్మాయికి సంగీతమంటే ప్రాణం. ఆమె మనసు గెలవాలని నాయకుడు కిటికీ దగ్గర పెదవులు కదుపుతాడు, చాటున మిత్రుడు పాడతాడు. ఆ మిత్రుడి వేషం గాయకుడు ఏ.ఎం. రాజాది. తెర వెనుక ఉండవలసిన గొంతు మనిషై తెర మీదికి వచ్చింది! నేపథ్యగానమనే సినిమా రహస్యాన్నే ప్రేమకథగా మలచడం ఈ చిత్రం అసలు అందం. నవ్వుతూనే ప్రేక్షకుడికి జాలి కలుగుతుంది: ఆమె ప్రేమించింది మనిషినా, గొంతునా?

ఇదే కథ 1960లో తమిళంలో అంజలీదేవితోనే ‘అడుత్త వీట్టు పెణ్’ అయింది. 1968లో హిందీ ‘పడోసన్’గా దేశమంతా నవ్వించింది. 1981లో మళ్లీ తెలుగులో చంద్రమోహన్, జయసుధలతో వచ్చినప్పుడు, గాయక మిత్రుడిగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నటించాడు.